రీడింగుకి ముందు రోజు

ఆఫీసు, ఐదో అంతస్తు
ఫిబ్రవరి 9

ఒరేయ్ గుండూ,

ఈ మాట ఫోన్లోనే చెప్పేదాన్ని. కానీ మీ రేడియో రూములో ఫోను మోగితే నలుగురూ చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. మొన్న నీ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగితే వెనకనుంచి ఎవడో "తగ్గలేదు మేడం" అని జవాబిచ్చాడు. ఆఫీసు మెయిల్లో రాస్తే దాని నకలు మా పెద్దసారుకి పోతుంది. అందుకని మన పాత పద్ధతే, లాంచీ టపా సంచీలో ఉత్తరం.

సంగతేమిటంటే, నీ ప్లాట్‌ఫారాన్ని మూసేస్తున్నారు. చమురు అడుగంటింది, ఇక తోడినా కూలి గిట్టదట. మూసివేతకి ఎంతవుతుందో అంచనా కట్టే పని నా బల్ల మీదకి వచ్చింది. ఇంతమంది ఎస్టిమేటర్లుండగా తమ్ముడి ప్లాట్‌ఫారం అక్క నెత్తినే పడాలా? అక్కడ ఇన్‌ఛార్జి మా తమ్ముడు సార్ అని పెద్దసారుకి చెప్పాను కూడా. "మరీ మంచిది, వివరాలు తొందరగా వస్తాయి" అన్నాడు మహానుభావుడు. తర్వాత పాత ఫైలు తీసి, కట్టినప్పటి ఖర్చు పక్కన కూల్చే ఖర్చు పెట్టి చూసుకుని, "పుట్టడానికి ఇంత కాలేదు, పోవడానికి ఇంతా!" అని గుండెలు బాదుకున్నాడు.

నీకు తెలియనిది కాదు, అయినా నా అవసరం చెబుతాను. పై డెక్కుని ఎత్తడానికి పెద్ద క్రేను ఓడ కావాలి. అది పని చేసినా చెయ్యకపోయినా రోజు అద్దె రోజుదే. గాలివానలకి ఆగిపోయే రోజులకి వేరే ఖాతా పెడతాం. కాళ్ళు సముద్రం అడుగుకి కిందుగా కోయాలి. ఇవన్నీ ఒక ఎత్తు, బావులు ఒక ఎత్తు. పద్నాలుగు బావులకీ గ్రేడు వెయ్యాలి. తేలిక అని రాస్తే, ప్లాట్‌ఫారం మీదనుంచే చిన్న యంత్రంతో సిమెంటు బిరడా దించి మూసేస్తారు. కష్టం అని రాస్తే బావి తవ్వే పెద్ద రిగ్గు తేవాలి, పైపు కోయాలి, పాడైన సిమెంటు తీసి కొత్తది పొయ్యాలి. దేనికి ఏ గ్రేడో చెప్పేది నీ గేజీలే. పైపుకీ పైపుకీ మధ్య సందులోకి కిందనుంచి గ్యాసు పాకుతోందో లేదో వాటికే తెలుసు. కాబట్టి నెలనెలా తీసిన రీడింగులన్నీ పంపించు.

ఇల్లు ఎంతవరకు వచ్చింది? మరదల్ని అడిగానని చెప్పు.

నీ లెక్కల అక్క

—

ప్లాట్‌ఫారం, సముద్రం మధ్య
ఫిబ్రవరి 27

అక్కా,

నువ్వు అంచనా కట్టావంటే దాని పని అయిపోయినట్టే. చిన్నప్పుడు నా బొంగరం ఇంకెన్నాళ్ళు ఆడుతుందో లెక్క చెప్పావు గుర్తుందా? మర్నాడే విరిగింది. నీ నోటి చలవ అలాంటిది.

కబురు మావాళ్ళకి చెప్పాను. క్రేను ఆపరేటరు భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. నాకూ అదోలా ఉంది. పంతొమ్మిదేళ్ళు ఈ ఇనుము మీద పడుకున్నాను. ఇక్కడ ఇరవై నాలుగు గంటలూ యంత్రాల మోత, అయినా మొద్దు నిద్ర పడుతుంది. ఇంటికెళితే నిశ్శబ్దానికి మెలకువ వస్తోందని నీ మరదలు ఒకటే నవ్వు. ఈ మధ్య రంగు వెయ్యడం కూడా మానేశారు, ఎలాగూ పోయేదానికి సోకులెందుకని. చెయ్యి ఆనిస్తే చాలు తుప్పు పెచ్చులుగా ఊడి వస్తోంది.

రీడింగులు కట్ట కట్టి పంపుతున్నాను. పద్నాలుగూ సున్నా, మొదటినుంచీ సున్నా. కడిగిన ముత్యాలనుకో. తేలిక అని రాసేసి ఆ ఓడ బేరాలేవో చూసుకో, వీటి దగ్గర టైము పాడుచేసుకోకు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. నా పెళ్ళి నువ్వే చేశావు కాబట్టి ఆ సగం బాధ నాకు తెలీదు. రెండో సగం ఇప్పుడు తెలుస్తోంది. స్లాబు పడింది. గోడలకి ప్లాస్టరింగు లేదు, కిటికీలకి గోనెపట్టాలు కట్టుకుని కాపురం చేస్తున్నాం. వచ్చే ఏడాది మేలో రిటైరైతే ఆ వచ్చే డబ్బుతో మిగతాది. ఏదో ఒక కొర్రీ వేసి అప్పటిదాకా ఈ మూసివేత సాగదీయవే తల్లీ, పుణ్యముంటుంది.

నీ గుండు

—

నీ ప్లాట్‌ఫారం, నీ గదిలో, నీ కుర్చీలో
ఏప్రిల్ 16

గుండూ,

నువ్వు సెలవులో ఇంటి దగ్గర ఇటుకలు లెక్కపెట్టుకుంటున్నావు. నేను డెక్కు మీద సామాను తూకాలు సరిచూసుకోవడానికి ఇక్కడికి వచ్చాను. గాలివాన ఉందని గురువారం లాంచీని బుధవారమే పంపేశారు. నేను వస్తున్న కబురు కన్నా నేనే ముందు చేరాను.

సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని బావుల వరస దగ్గర నిలబడ్డాను. మీ సీనియర్ టెక్నీషియన్, ఆ గుబురు మీసాలాయన, రెంచి తీసుకుని వచ్చాడు. ఒకటో బావి దగ్గర వంగి పక్కనున్న సన్న వాల్వు తిప్పాడు. బుస్సుమంది. గ్యాసు కంపు. గేజీ ముల్లు నా కళ్ళముందే ఎక్కడో పైనుంచి జారుకుంటూ వచ్చి సున్నా దగ్గర ఆగింది. వాల్వు కట్టేసి రెండో దానికి వెళ్ళాడు. తర్వాత మూడు, తర్వాత నాలుగు. అన్నిటికీ అదే బుస్సు, అదే జారుడు. ఏం చేస్తున్నారండీ అంటే ఏమన్నాడో తెలుసా? "రేపు రీడింగు కదా మేడం, గాలి తీస్తున్నాం." పొద్దున్నే పళ్ళు తోముకుంటున్నాం అన్నంత మామూలుగా చెప్పాడు! అప్పుడు చూశాడు నా మెళ్ళో ఎస్టిమేటింగ్ విభాగం కార్డు. ఆయన మొహం మాడిపోయింది. ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది లోపలికి పదండి మేడం, భోజనం చల్లారిపోతుంది అని నన్ను తరిమినంత పని చేశాడు.

మర్నాడు పొద్దున్న అందరి ముందూ రీడింగు తీశారు. పద్నాలుగూ సున్నా. ముచ్చటగా సంతకాలు కూడా పెట్టారు.

కుక్కరు విజిలెత్తి ఆవిరంతా వదిలేసి, మా కుక్కర్లో ప్రెషరే లేదంటే ఎవరైనా నవ్వుతారు. దీనికి నాకు నవ్వు రావడం లేదురా. తేలిక అని రాసిన బావిని చిన్న యంత్రంతో విప్పితే, ఆ సందులో ఉన్న గ్యాసు విప్పేవాళ్ళ మొహాన కొడుతుంది. నిప్పురవ్వ ఒక్కటి చాలు. ఎవరు మొదలెట్టారు, ఎందుకు మొదలెట్టారు, అవన్నీ తర్వాత తీరిగ్గా తిట్టుకుందాం. ముందు ఇది చెప్పు. నేను చూసినవి నాలుగు. మిగతా పదిలో ఏయే బావులు ఊదుతాయి?

అక్క

—

ఇంటినుంచి
ఏప్రిల్ 24

అక్కా,

నా కుర్చీలో కూర్చుని నన్నే నిలదీశావన్నమాట. కుర్చీ సౌకర్యంగా ఉందా? కుడికాలు కాస్త ఊగుతుంది, చూసుకున్నావో లేదో.

ఇది నేను పెట్టిన పద్ధతి కాదు. చేరిన మొదటి నెలలోనే నా పైవాడు భుజం మీద చెయ్యేసి చెప్పాడు, రీడింగుకి ముందు రోజు గాలి తీసెయ్, లేకపోతే చచ్చేంత రాతకోతలు అని. ముల్లు గీత దాటిందా, ఆ బావి ఆపాలి, కారణం రాయాలి, ఒడ్డునుంచి పదిమంది వస్తారు. ఉత్పత్తి పడిపోతుంది, అందరి బోనసూ ఎగిరిపోతుంది. నీ బోనసుతో సహా అక్కా, అది కూడా రాసుకో. ఆయన తర్వాత నేను, నా కింద వీళ్ళు. స్నానానికి ముందు వాచీ తీసినట్టు అలవాటైపోయింది. రోజూ గేజీల కేసి చూస్తూనే ఉన్నాం, ఎక్కువైతే వదిలేస్తూనే ఉన్నాం, ఇన్నేళ్ళలో ఒక్కడి చెయ్యి కాలలేదు. ఇవి మూసే రోజు ఒకటి వస్తుందనీ, ఆ రోజు ఈ సున్నాలు చూసే ఎవరో లెక్క కడతారనీ ఎవడనుకున్నాడు? ఆ ఎవరో నువ్వే అవుతావని అసలే అనుకోలేదు.

ఏయే బావులని అడక్కు. అది కాగితం మీద పెడితే నా సంతకమున్న రిపోర్టులన్నీ అబద్ధమని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు. రిటైర్మెంటు డబ్బు ఆపేస్తారు. పాతాయన పోయి పదేళ్ళయింది, ఆయన్నెవరూ లేపి అడగరు. దొరికేది నేనే.

నువ్వొక పని చెయ్యి. గాలివాన రోజులకి ఖాతా ఉంటుందన్నావు కదా, ఎంత కావాలో అంతా అందులో కలిపెయ్. వానకి సాక్ష్యం ఎవడు అడుగుతాడు?

వంటింటి అరలకి ఏ రంగు వెయ్యాలో వదిననే అడగమంటోంది నీ మరదలు. పిచ్చిదానికి ఇదేమీ తెలీదు. చెప్పకు.

నీ గుండు

—

ఆఫీసు, ఐదో అంతస్తు
మే 11

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేసి చూశాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, రెండు రోజులు కూర్చుని గాలివాన ఖాతాలో నలభై రోజులు పెంచాను. ఎవరూ కన్నెత్తి చూసేవారు కాదు కూడా. మూడో రోజు నా చేత్తో నేనే కొట్టేశాను.

కుదరదురా. అంచనా వెనకాలే పని పద్ధతి కాగితం పోతుంది. అందులో తేలిక అని ఉంటే కాంట్రాక్టరు చిన్న యంత్రమే తెస్తాడు. గాలివాన ఖాతాలో డబ్బుంటే ఏమవుతుంది? మనుషులు నాలుగు రోజులు ఎక్కువ కూర్చుంటారు, వాన వెలిశాక అదే చిన్న యంత్రంతో వెళ్ళి బావి విప్పుతారు. రిగ్గు తెప్పించేది డబ్బు కాదు, కష్టం అన్న మాట. ఆ మాట నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

అందుకని నా కళ్ళతో చూసిన నాలుగింటినీ కష్టం కింద రాశాను. కారణం దగ్గర, రీడింగుకి ముందు రోజు ప్రెషరు వదలడం చూశానని రాశాను. మిగతా పది బావుల రీడింగులూ నమ్మదగ్గవి కావు, మళ్ళీ తియ్యాలి అన్నాను. నీ ఊసెత్తలేదు. ఎత్తకపోతే మాత్రం, అక్కడ ఇన్‌ఛార్జి ఎవరో లోకానికి తెలీదా? వచ్చే శుక్రవారం పెద్దసారు బల్ల మీద పెడతాను. ఆలోపు నువ్వే వెళ్ళి చెప్పుకో. తనంతట తాను వచ్చి చెప్పినవాడికీ పట్టుబడినవాడికీ తేడా ఉంటుంది.

నిన్ను తిడుతూ ఇంకో నాలుగు పేజీలు రాసి చింపేశాను. కోపం లేక కాదు. కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

అక్క

—

ప్లాట్‌ఫారం
మే 17

అక్కా,

శుక్రవారంలోపు నీకు చేరాలని లాంచీ డ్రైవరు చేతికే ఇచ్చి పంపుతున్నాను.

పెట్టకు. ఒక్క ఏడాది ఆగు. నేను బయటపడ్డాక నీ ఇష్టం, ఊరంతా దండోరా వేయించుకో. అమ్మ పోయాక నాకు పెట్టి, మిగిలితే నువ్వు తినేదానివి. మిగలని రోజులు నాకు గుర్తున్నాయి. అలా పెంచిన దానివి ఇప్పుడు నా ముందునుంచి కంచం లాగేస్తావా? కాళ్ళు పట్టుకుంటాను. అక్క కాళ్ళు పట్టుకోవడానికి నాకేం నామోషీ లేదు.

పెట్టకు.

—

ఇల్లు
జూలై 8

ఎస్టిమేటర్ మేడం గారికి,

తమరి దయవల్ల మేం క్షేమం. గత నెల ఇరవయ్యో తేదీన హెలికాప్టర్లో ఇద్దరు పెద్దమనుషులు దిగారు. నా గది తాళాలు, నా కార్డు, నా హెల్మెటు తీసుకున్నారు. హెల్మెటు ఎందుకండీ, వానలో ఇంటిమీద పని చేసుకుంటాను అంటే కంపెనీ ఆస్తి అన్నారు. మావాళ్ళు వరసగా నిలబడి చూశారు. మీసాలాయన మాత్రం తల తిప్పుకున్నాడు. విచారణలో "ఇన్‌ఛార్జి చెయ్యమన్నారు, చేశాం" అని అందరూ ఒకే పాట పాడారట. నాకేం ఆశ్చర్యం లేదు, వాళ్ళకీ పిల్లలున్నారు.

సస్పెన్షను. విచారణ తేలేదాకా జీతం సగం, పెన్షను ఊసే లేదు. మేస్త్రీ పలుగూ పారా సర్దుకుని వెళ్ళిపోయాడు. మీ మరదలు నాలుగో రోజున "వదిన చేసిందా ఈ పని?" అని ఒకటే అడిగింది. అవునన్నాను. వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపుకి ఇంకా గడియ కూడా లేదు, చేత్తో పట్టుకుని కూర్చుంది.

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు ఇప్పుడు తెలిసింది. అక్క కదా అని ఇంటి మాట రాశాను, చూశానని మీరు కాగితమెక్కించారు. మీకు జీవితంలో ఎవరూ ముద్ద పెట్టలేదు, మీరే అందరికీ పెట్టారు, అందుకే ఎవరి నోటిదగ్గర ముద్దైనా మీదే అనుకుంటారు. ఇక మీరు నిద్రపోవచ్చు.

ఇట్లు,
తమరి విధేయుడు

—

ఆఫీసు, కింది అంతస్తు, స్టేషనరీ విభాగం
ఆగస్టు 21

తమ్ముడూ,

నువ్వన్నవన్నీ పడతాను. మరదలు తలుపేసుకుందన్న మాట దగ్గర మాత్రం ఇంక చదవలేక ఉత్తరం మడిచేశాను. మర్నాడు మిగతాది చదివాను.

పైన చూశావుగా, ఇప్పుడు నా సీటు స్టేషనరీలో. పెన్నులూ రిజిస్టర్లూ ఇస్తున్నాను. ఎలా వచ్చానో చెబుతాను, నీకు కాస్త సంతోషం కలుగుతుందేమో.

కమిటీ కూర్చుంది. నా అంచనా చూసి, విచారణ రిపోర్టు పక్కన పెట్టుకుని పెద్దసారు ఏమన్నాడంటే, "రీడింగులు అబద్ధమని తేలింది, సంతోషం. అంటే ఈ బావుల గురించి మన దగ్గర వివరమే లేదు. వివరం లేనప్పుడు రూలు ప్రకారం మామూలు బావి కింద లెక్క. మామూలు బావి అంటే తేలిక." నేను చూశాను సార్, విన్నాను సార్ అన్నాను. "చెవులతో విన్నది రీడింగు కాదమ్మా" అన్నాడు. మళ్ళీ తియ్యండి అంటే, ఉత్పత్తి ఆపగానే గేజీలు విప్పి గోడౌన్లో పడేశారట, మళ్ళీ బిగించి నెల్లాళ్ళు చూసేలోపు సీజను దాటుతుందట, ఓడ ఇప్పటికే మాట్లాడేశారట. పద్నాలుగూ తేలిక. నా నాలుగు కూడా ఎగిరిపోయాయి. అయినా ఊరుకోకుండా వాదించాను, మర్నాడే స్టేషనరీకి బదిలీ కాగితం చేతికిచ్చారు. ఇంత చేసి, నిన్ను రోడ్డున పడేసి, నేను సాధించింది ఇదీ. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఒక్కటే దారి మిగిలింది. ఏ బావి ఎంత ఊదేదో చెప్పగల మనిషివి నువ్వు. నువ్వు రాసిస్తే వాళ్ళు కాదనలేరు. ఇప్పటికే నిన్ను నిండా ముంచాను, నిండా మునిగినవాడికి చలేమిటి అని అడగడానికి నాకు నోరు రావడం లేదు. అయినా అడుగుతున్నాను.

అక్క

—

ఇల్లు
సెప్టెంబరు 19

అక్కా,

మునిగినవాడికి చలి ఉండదని ఒడ్డునున్నవాళ్ళే అంటారు.

నువ్వు అడిగిన వాంగ్మూలం ఇచ్చాను. నీక్కాదు, మీ పెద్దసారుకి. ఆయనే స్వయంగా కారులో వచ్చాడు. ఇటుకల మధ్య కుర్చీ వేస్తే కూర్చుని, ఇల్లు బాగా ప్లాన్ చేశారండీ అని మెచ్చుకున్నాడు. తర్వాత, నీ రిపోర్టు ఫైల్లో ఉన్నంతకాలం తనకి తలనొప్పేనంటూ టైపు చేసిన కాగితం తీశాడు. రీడింగుకి ముందు వాల్వు తిప్పేది గేజీ గొట్టంలో చెమ్మ పోవడానికట. సందులో గ్యాసు నేను ఎన్నడూ చూడలేదట. అక్కగారు అనుభవం లేక పొరబడ్డారట. సంతకం పెడితే సస్పెన్షను రద్దు, పెన్షను పూర్తిగా.

పెట్టాను. నీ మరదలు పక్కనే నిలబడి పెన్ను ఇచ్చింది. మేస్త్రీ మళ్ళీ వచ్చాడు, లోపలి గోడలకి పూత అవుతోంది.

ఎంత నీచుడివిరా అనుకుంటున్నావు కదూ. అనుకో. నువ్వు నిజం రాసి నన్ను పడగొట్టావు, నేను అబద్ధం రాసి లేచాను. మనిద్దరి చేతా రాయించుకున్నవాడు మాత్రం ఐదో అంతస్తులో హాయిగా ఉన్నాడు.

గుండు

—

స్టేషనరీ విభాగం
అక్టోబరు 14

తమ్ముడూ,

నిన్ను తిట్టడానికి కాదు. తిట్టే ఓపిక లేదు, హక్కూ లేదు.

నిన్న మూసివేత కాంట్రాక్టరు దగ్గర ఫోర్‌మన్ రిజిస్టర్లకోసం వచ్చాడు. మంచి మనిషిలా ఉన్నాడు. "ఈ బావుల లెక్క మొదట మీరే కట్టారట కదా మేడం, తేలిక పనేనా? మావాళ్ళలో సగంమంది కొత్తవాళ్ళు" అన్నాడు. కాదని చెప్పాను. జరిగిందంతా చెప్పాను. నమ్మాడు కూడా. "మా కాగితంలో తేలిక అనుంది, యంత్రం కూడా దానికి తగ్గట్టే ఇచ్చారు. అన్నిటి దగ్గరా భయపడితే పని సాగదు. ఏవేవో చెప్పండి, వాటిని ఆఖర్న పెట్టుకుంటాం" అన్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్నాను. "అయితే ఐదుతో మొదలెడతాం" అని రిజిస్టర్లు చంకన పెట్టుకుని, నాకు దండం పెట్టి మరీ వెళ్ళాడు.

అతను గేటు దాటాక నాకు తట్టింది. నేను చూసినవి నాలుగే. మిగతావి మంచివని నేనెక్కడ చూశాను? మీసాలాయన నన్ను లోపలికి పంపకపోతే ఇంకెన్ని చూసేదాన్నో. నా మాట పట్టుకుని వాళ్ళు ఐదు దగ్గరికి వెళ్తున్నారు. ఏమీ చెప్పకపోతే కనీసం భయపడుతూ వెళ్ళేవారు.

సోమవారం పొద్దున్న వాళ్ళ లాంచీ. నాకు వాంగ్మూలం వద్దు, నీ పేరూ వద్దు, సంతకమూ వద్దు. చిత్తుకాగితం మీద అంకెలు రాసి పంపు. అతనికి నోటిమాటగా చెబుతాను, ఎవరు చెప్పారో చచ్చినా చెప్పను. ఐదు మంచిదేనా?

అక్క

—

మీ ఆఫీసు గేటు దగ్గర
శనివారం

అక్కా,

పోస్టులో వేస్తే సోమవారం దాటిపోతుందని నేనే తెచ్చాను. వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్ళిపోతున్నాను. లోపలికి రాను, నువ్వూ బయటికి పరిగెత్తుకు రాకు.

ఐదు ముట్టుకోవద్దని చెప్పు. అన్నిటికన్నా ఎక్కువ ఊదేది అదే. సాయంత్రం గాలి తీస్తే తెల్లారేసరికి మళ్ళీ నిండేది, అందుకే దాన్ని రీడింగు రోజు పొద్దున్న రెండోసారి కూడా తీసేవాళ్ళం. ఆరు, ఏడు దాని తర్వాత. నువ్వు చూసిన నాలుగూ నిజానికి నెమ్మదైనవి. ఏయే బావులని ఏప్రిల్ నుంచీ అడుగుతున్నావు. పద్నాలుగూనూ. నువ్వు నన్ను రోడ్డున పడేసి మరీ కట్టిన ఆ పెద్ద అంచనా కూడా తప్పే, అందులో మూడో వంతు కూడా లేదు.

నోటిమాట చాలన్నావు. చాలదు. ఫోర్‌మన్ నమ్ముతాడు, వాడి పైవాడు పెద్దసారుకి ఫోన్ చేస్తాడు, ఆయన నా సంతకమున్న కాగితం చూపిస్తాడు, వాళ్ళు సోమవారమే బయల్దేరతారు. ఆ సంతకాన్ని కొట్టెయ్యాలంటే ఇంకో సంతకం కావాలి. అందుకని బావి బావికీ ఎంత ఊదేదో నాకు గుర్తున్నంతవరకు రాసి, ముందు ఇచ్చిన వాంగ్మూలం అబద్ధమని రాసి, కింద హోదాతో సహా సంతకం పెట్టాను. రెండో పేజీ అదే. ఎవరి బల్ల మీద పెడతావో పెట్టు.

నీ మరదలికి ఇంకా చెప్పలేదు. ఇప్పుడు వెళ్ళి చెప్పాలి. మేస్త్రీకి కూడా చెప్పాలి. నువ్వు చేసింది తప్పని నేననను. కానీ అక్కా, నువ్వు మా ఇంటికి రాకు.

ప్లాట్‌ఫారం మాజీ ఇన్‌ఛార్జి